ఆఖరి వరస నుంచి ఎత్తిన చెయ్యి

ఆ వేసవంతా మా ఫ్రిజ్ తలుపు మీద ఒక పోస్టరు ఉండేది. పైన 'కాల్వగట్టు' అని వంకర అక్షరాలు, కింద నాలుగు శనివారాలు, నాలుగు చోట్లు. అన్నిటికన్నా కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'సౌండ్: జానకిరామ్, పామర్రు' అని ఉండేది. నేను ముప్ఫయ్యేళ్ళు మైకు సెట్టు నడిపినవాణ్ణి. చుట్టుపక్కల నా మైకు గొట్టాలు కట్టని ఊరు లేదని కోతలు కోసేవాణ్ణి కూడా. అయినా పెళ్ళి శుభలేఖలో మైకువాడి పేరు ఎవరు వేస్తారు? నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ఇంటికి వచ్చినవాళ్ళని మంచినీళ్ళు ఇచ్చే వంకతో ఫ్రిజ్ దగ్గరికి పిలిచి మరీ చూపించేవాణ్ణి.

కాల్వగట్టు అంటే మా అమ్మాయి హేమ, దాని స్నేహితులు ఇద్దరూ. హేమ పాటలు రాసి పాడుతుంది. వేదవ్యాస్ గిటారు వాయిస్తాడు, భానుశ్రీ కీబోర్డు. ముగ్గురిదీ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకే ఆఫీసులో ఉద్యోగం. సినిమా పాటలు పాడరు, సొంతవే పాడతారు. విజయవాడలో అలాంటి బృందాలు అరడజను ఉన్నాయనీ, వాటిని వినడానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చే జనం ఉన్నారనీ హేమ చెబితే నేను నమ్మలేదు. ఎవరూ ఎరగని పాటకి ఎవరొస్తారే అని నవ్వాను.

నాలుగో శనివారం కృష్ణ ఒడ్డున. దానికి హైదరాబాదు నుంచి మనుషులు వస్తారు. ఆగస్టులో అక్కడ జరిగే పెద్ద పాటల పండగకి బృందాలని ఏరుకుంటారు. కాల్వగట్టుని ఏరుకుంటే హేమ ఉద్యోగం మానేసి ఏడాదిపాటు పాటే పనిగా పెట్టుకోవచ్చు. అలా అని వాళ్ళమ్మ దగ్గర మాట తీసుకుంది. వాళ్ళమ్మ రత్తమ్మ పామర్రు మార్కెట్లో చేపలమ్ముతుంది. మాట ఇవ్వడం ఆవిడకి అంత తేలిక కాదు, ఇచ్చిందంటే మాత్రం తిరుగు లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. స్పీకర్లు కట్టి, మైకు ముందు ఒకరిని నిలబెట్టి, మైకువాడు నడుచుకుంటూ జనం కూర్చునే ఆఖరి చోటుదాకా వెళ్ళాలి. మైకు దగ్గర మనిషి ఒకటి, రెండు, మూడు అని లెక్క పెడుతుంటాడు. మాట స్పష్టంగా అందితే చెయ్యెత్తాలి. అందకపోతే వెనక్కి వచ్చి సరిచేసి మళ్ళీ వెళ్ళాలి. చెయ్యి లేచేదాకా లెక్క ఆపకూడదు. తనకి నాలుగేళ్ళప్పటి నుంచి నాకు లెక్కపెట్టింది హేమే. స్టూలు మీద నిలబడి రెండు చేతులతో మైకు పట్టుకునేది. బడికి వెళ్ళకముందే దానికి పది దాకా వచ్చు. పదకొండు నేర్చుకునే అవసరం రాలేదు, ఈలోపే నా చెయ్యి లేచేది.

మొదటి శనివారం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాఫీ కొట్టు మేడ మీద. నలభై కుర్చీలు. నేను టాటా ఏస్‌లో నాలుగు పెద్ద బాక్సులు దింపితే కొట్టు మేనేజరు నవ్వి, రెండు చాలండీ, ఇది జాతర కాదండీ అన్నాడు. రెండే పెట్టాను. హేమ లెక్క మొదలుపెట్టింది. నేను ఆఖరి కుర్చీ వెనక నిలబడ్డాను. గొంతు వచ్చింది గానీ మాట మీద దుప్పటి కప్పినట్టుంది. ఈ కొత్త మైకులు ఇంతేలే అనుకుని ట్రెబుల్ పెంచాను. ట్రెబుల్ అంటే గొంతులోని సన్నటి పదును, అది ఉంటేనే మాట విడివిడిగా తెలుస్తుంది. ఇంకాస్త పెంచాను. హేమ పద్నాలుగు అనేసరికి చెయ్యెత్తాను.

పాట మొదలైన కాసేపటికి ముందు బల్ల దగ్గరున్న ఒకావిడ కాఫీ కప్పు పట్టుకుని వెనక బల్లకి మారింది. ఆ వెంటనే ఇంకో జంట మారింది. విరామంలో వేదవ్యాస్ నా దగ్గరికి వచ్చాడు. మంచి మర్యాదస్తుల ఇంటి పిల్లవాడు, వాళ్ళ నాన్న లెక్చరరు.

"అంకుల్, సౌండు కొంచెం చెవుల్లో గుచ్చుకుంటోందండీ. తగ్గిస్తారా?" అన్నాడు.

నాకు తిక్క రేగింది. నువ్వు పుట్టకముందు నుంచీ కడుతున్నాను బాబూ అందామనుకుని, తగ్గిస్తే మాట పోతుందని మాత్రం చెప్పాను. హేమ వంక చూశాను. అది కాసేపు నా మొహం చూసింది.

"బాగుంది నాన్నా. అట్టాగే ఉంచు," అంది.

ఇంటికి వచ్చేటప్పుడు వ్యాన్లో ఆ జనాన్ని ఆడిపోసుకుంటూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట, అలా ఉంది వీళ్ళ వరస అన్నాను. హేమ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొట్టింది.

మర్నాడు ఆదివారం. నేను అరుగు మీద తెగిన వైర్లకి టంకం వేసుకుంటున్నాను. హేమ వచ్చి తన ఫోను తీగ నా రెండు చెవుల్లో పెట్టింది. కొత్త పాటకి చిన్న చిన్న శబ్దాలు చేశాను నాన్నా, వినపడినప్పుడల్లా చెయ్యెత్తు అంది. రెండు సార్లు ఎత్తాను. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాలేదు.

"ఇంకా మొదలెట్టవేందే?" అన్నాను.

ఫోను పాడైనట్టుంది నాన్నా అని తీగ తీసేసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పూట వాళ్ళమ్మ పక్కన పెరట్లో కూర్చుని చాలాసేపు చేపలు తోమింది. చేపల వాసన తగిలితే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకునే పిల్ల. ఇవాళ పొద్దు ఎటు పొడిచిందమ్మా అని నేను వెటకారం చేశాను. మా ఇంట్లో ఎవరు ఏమన్నా అరిచే అంటారు. ఆవిడ చేపల అంగడి మనిషి, నేను మైకు మనిషిని, మాకు నెమ్మదిగా మాట్లాడే అలవాటు లేదు. కాబట్టి హేమ ఆ రోజు నుంచి నాకు ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టిందని నేను గమనించనే లేదు.

రెండో శనివారం కొండపల్లిలో, ఒక బొమ్మల కొట్టు వెనక ఖాళీ జాగాలో. పాటలు అయిపోకముందే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఉక్కపోతకి లేచిపోయారని నేనే అందరికీ సర్దిచెప్పాను. మూడోది గాలివాన వచ్చి ఆగిపోయింది. ఆ మధ్యలో ఒకరోజు రత్తమ్మ మార్కెట్ నుంచి వచ్చి బుట్ట దించుతూ, నీ కూతురు ఫోనులో ఎవరినో ఏకిపారేస్తంది అని చెప్పింది. అవతల ఉన్నది వేదవ్యాసట. సౌండుకి ఇంకెవరినన్నా పెట్టుకుందాం అన్నాడట. మా నాన్న లేకపోతే నేనూ లేను, ఇంకోసారి ఆ మాట అడగొద్దు అందట హేమ.

నా ఛాతీ ఇంత పొంగింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, పిల్లకి కాకి కూడా ముద్దేనని ఆ వారం రోజులూ టీ కొట్టు దగ్గర, మార్కెట్లో, పంపు దగ్గర చెప్పుకు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ తిరిగిన తిరుగుడే నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంటుంది.

నాలుగో శనివారానికి కాలవలకి నీళ్ళు ఆపేసి నెలన్నర దాటింది. నదిలో నీళ్ళు ఒక పాయగా దూరానికి జరిగాయి. ఒడ్డున స్టేజీ కట్టారు, సాయంత్రం ఐదింటికి మొదలు. ఆరు బృందాలు పాడాలి. మిగతా ఐదింటికీ నిర్వాహకులు పెట్టిన సౌండు, మా వాళ్ళకి మాత్రం నేను. హేమ వాళ్ళతో వాదించి ఒప్పించిందని తర్వాత తెలిసింది. ముందు వరసలో ఎర్ర కుర్చీల్లో హైదరాబాదు వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు. పసిపిల్లలతో వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి.

హేమ మైకు ముందుకు వచ్చి లెక్క మొదలుపెట్టింది. ఆఖరి వరస చాలా దూరం, పైగా నది గాలి. నేను వెళ్ళాను, వచ్చాను, పెంచాను, మళ్ళీ వెళ్ళాను. జనంలో ఎవరో నవ్వారు. పదకొండు అవసరం రాని పిల్ల ఆ రోజు ఇరవయ్యారు దాకా లెక్కపెట్టింది. ఇరవయ్యారుకి మాట నాకు చక్కగా, విడివిడిగా అందింది. చెయ్యెత్తాను. హేమ కళ్ళు మూసుకుని, తెరిచి, పాట అందుకుంది.

మొదటి చరణం దాటలేదు. ముందు వరసలో ముగ్గురూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. ఆ వెనక వరస, దాని వెనక వరస, అందరూ మూసుకున్నారు. ఒక తల్లి బిడ్డ తల గుండెకి అదుముకుని లేచి నడిచింది. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది. భానుశ్రీ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. నేను పైకి చూశాను, బ్యారేజీ వైపు చూశాను, ఏదన్నా లారీ హారన్ కొడుతోందేమో అనుకున్నాను. నాకు మాత్రం హేమ గొంతు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అది పాడుతూనే ఉంది, నా వంకే చూస్తూ ఉంది, నవ్వుతూ ఉంది. నిర్వాహకుల సౌండు మనిషి ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి, నన్ను భుజంతో పక్కకి నెట్టి, నా మిక్సరు మీద సౌండు మీటలన్నీ కిందికి లాగేశాడు.

అప్పుడు జనం చెవుల మీద నుంచి చేతులు తీశారు.

హేమ స్టేజీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. 

"కరెంటు ఎక్కువ తక్కువ వచ్చింది నాన్నా. మైకు కూత పెట్టింది. నీ తప్పేం లేదు," అంది.

నా పక్కనే స్టెబిలైజరు ఉంది. కరెంటు ఏ కాస్త తేడా వచ్చినా దాని మీద సూది ఊగుతుంది. సూది ఉన్నచోటే ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ సూదిని చూస్తున్నవాణ్ణి, ఆ సంగతి హేమకీ తెలుసు. అవునమ్మా, కరెంటే అన్నాను.

హైదరాబాదు వాళ్ళు కాల్వగట్టుని ఏరుకోలేదు. వేదవ్యాస్ ఇంకో బృందంలో చేరాడు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి నాకు దండం పెట్టి మరీ చెప్పాడు, మంచి పిల్లవాడు. హేమ ఉద్యోగం మాననక్కర్లేకుండా పోయింది. పాటల పుస్తకం బీరువా మీద పెట్టింది. అలిసిపోయాను నాన్నా, కొన్నాళ్ళు ఆగుతాను అంది.

వైర్లు కొనాలని రత్తమ్మకి చెప్పి ఒక బుధవారం నేనొక్కణ్ణే విజయవాడ వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు చూశాను. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి ఊరికే నా వంక చూస్తోంది.

"ఇంకా మొదలెట్టలేదాండీ?" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది, అరుగు మీద హేమతో అన్నదీ అదే మాట. బటన్ పక్కన పెట్టేశాను.

గొట్టాల కింద ముప్ఫయ్యేళ్ళు కూర్చుంటే సన్నటి శబ్దాలు వినే నరాలు చచ్చిపోతాయనీ, అవి మళ్ళీ రావనీ డాక్టరు చెప్పాడు. మైకు పెట్టే సన్నటి కూత నాకు అందదు. మాటలో స, చ, త లాంటివి కూడా అందవు, అందుకే దుప్పటి కప్పినట్టుంటుంది. నేను నాకు వినపడేదాకా పెంచుతాను, అక్కడికి మిగతా వాళ్ళ చెవులు చిల్లులు పడతాయి. చెవి మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి గానీ పాట పాటలా ఉండదు అన్నాడు. ఆలోచించుకుని వస్తానని లేచాను.

అక్కడి నుంచి బెంజ్ సర్కిల్ వెళ్ళి ఆఫీసు కింద నిలబడి భానుశ్రీకి ఫోను చేశాను. హేమకి చెప్పకుండా కిందికి రమ్మన్నాను. వచ్చింది. డాక్టరు ఇచ్చిన కాగితం చూపించి, మీకు ఎప్పటి నుంచి తెలుసమ్మా అని అడిగాను. 

"కాఫీ షాపు మర్నాడే హేమ చెప్పిందండీ. మేము ఎంతో బతిమాలాం అంకుల్, ఆ నాలుగోదానికన్నా వేరేవాళ్ళని పెడదామని. అది వినలేదు. 'ఆ పోస్టరు మీద పేరు తీసేస్తే మా నాన్నకి ఇంకేం మిగలదే' అంది. మీకు చెప్పకూడదని మా ఇద్దరితో ఒట్టు వేయించుకుందండీ."

 ఆ పిల్ల ఏడుస్తుంటే వెళ్ళి పని చూసుకోమ్మా అని పంపించాను. బస్సులో పామర్రు దాకా నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నా కూతురి పాటని నేను నా చేతులతో నొక్కేశాను. అది చూస్తూ కూడా నా చెయ్యి లేచేదాకా లెక్కపెడుతూ నిలబడింది. ఇరవయ్యారు దాకా.

ఆ సాయంత్రమే ఒక అబద్ధం మొదలుపెట్టాను. నడుము పట్టేసింది, డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, ఇక మైకు పని మానేస్తున్నా అన్నాను. రత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, వైర్ల కొట్టులో డాక్టరు కూడా కూర్చుంటన్నాడా అంది. హేమ మాత్రం వెంటనే నమ్మేసింది. నమ్మాలని ఎంత ఎదురుచూసిందో దాని మొహంలో తెలిసిపోయింది. వేణ్ణీళ్ళ కాపడం కూడా పెట్టింది. లేని నొప్పికి కాపడం పెట్టించుకుంటూ బోర్లా పడుకుని, మొహం తలగడలో దాచుకున్నాను. మిషను కొనలేదు. అది చెవికి తగిలిస్తే నాకు తెలిసిపోయిందని హేమకి తెలుస్తుంది. అప్పుడు అది చేసిందంతా దేనికి?

జూన్ చివర్లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ వారమే హేమ, పామర్రులో ఒక్కసారి పాడతాను, మనవాళ్ళ కోసం, ఆ తర్వాత ఇక చాలు అంది. ఒక ట్యూషన్ సెంటరు హాలు ఆదివారం సాయంత్రం అడిగి పుచ్చుకుంది. భానుశ్రీ రెండు చిన్న స్పీకర్లు తెచ్చి సౌండు తనే చూసుకుంది. హేమ కొత్త పోస్టరు చేసి ఫ్రిజ్ మీద పాతదాని పక్కన అంటించింది. పాతది తియ్యలేదు. కొత్తదాని మీద సౌండుకి ఎవరి పేరూ వెయ్యలేదు.

జనం ఎవరంటే రత్తమ్మ మార్కెట్ జనమే. చేపల సువార్తమ్మ, కొట్టు కట్టేసి వచ్చిన హనుమయ్య, మా వీధి వాళ్ళు, ట్యూషన్ పిల్లలు. సొంత పాట అంటే ఏంటో, ఎవరి సొంతమో అడుగుతూ వచ్చి కూర్చున్నారు. నేను ఆఖరి వరసలో రత్తమ్మ పక్కన కూర్చున్నాను. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. ముప్ఫయ్యేళ్ళలో మిక్సరు లేకుండా ఒక మైకు ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

హేమ వచ్చి మైకు ముందు నిలబడింది. భానుశ్రీ అంతా సిద్ధమేనని తల ఊపింది. లెక్క పెట్టాల్సిన పని లేదు. అయినా హేమ మైకు రెండు చేతులతో పట్టుకుని, అందరి తలల మీదుగా నా వైపు చూసింది.

"ఒకటి," అంది.

వినపడిందా అంటే వినపడింది. గొంతు వచ్చింది, మాట రాలేదు. పెదాలు చూసి ఒకటి అని తెలుసుకున్నాను. రెండు అనడానికి అది ఊపిరి తీసుకునేలోపే నేను చెయ్యెత్తాను.

జనం నవ్వారు. అప్పుడేనా బాబాయ్ అని హనుమయ్య ఏదో అన్నట్టున్నాడు. హేమ నవ్వలేదు. మైకు అలాగే పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. అంత చిన్నప్పుడు కూడా ఒకటికి నా చెయ్యి ఎప్పుడూ లేవలేదు, మూడన్నా అనిపించేవాణ్ణి. దానికి అర్థమైందో లేదో ఈ రోజుకీ నేను అడగలేదు, అది చెప్పలేదు. చాలాసేపటికి తల వంచి భానుశ్రీకి సైగ చేసి పాట మొదలుపెట్టింది.

కొత్త పాట. ఒక్క ముక్క నాకు తెలియలేదు. కీబోర్డు అడుగున మోగే బరువైన శబ్దం తెలిసింది, దాని మీద నా కూతురి గొంతు ఎక్కడం, దిగడం తెలిసింది. ఎవరూ చెవులు మూసుకోలేదు.  సువార్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏం పాడిందో రత్తమ్మని అడుగుదామని తిరిగాను. ఆవిడ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అడగలేదు.

నా చెయ్యి ఇంకా పైనే ఉంది, దించడం మర్చిపోయాను. రత్తమ్మ దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించి, పాట అయ్యేదాకా తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.